ఈఎంఎంసీనా, ఎస్‌డీ కార్డా? చెరువు గట్టు మీది పెట్టె ఎక్కణ్నుంచి లేవాలి

మీరు అడిగింది నాకు అర్థమైన తీరులో ముందు చెబుతాను, తేడా ఉంటే దిద్దండి. ఆకివీడు, కాళ్ల మధ్య వనామీ చెరువుల గట్ల మీద 40 పెట్టెలు పెట్టారు. ఒక్కో పెట్టెలో ఒక బీగల్‌బోన్ బ్లాక్ (చిన్న కంప్యూటర్ బోర్డు), దాని నెత్తిన మీరే వేయించుకున్న రిలే బోర్డు, నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను (డీవో) కొలిచే సెన్సరు, ఒక 4జీ మోడెమ్. డీవో పడిపోతే ఏరేటర్లు తిప్పాలి, రైతు ఫోన్‌కు మెసేజ్ వెళ్లాలి. అన్నీ ఎస్‌డీ కార్డు నుంచే బూట్ అవుతున్నాయి, అంటే లేచి పని మొదలుపెడుతున్నాయి. వానలు మొదలయ్యాక కార్డులు ఒక్కొక్కటిగా పోతున్నాయి. పైగా కొన్ని పెట్టెలు కరెంటు పోయి వచ్చాక అసలు లేవడం లేదు, మళ్లీ ఆపి వేస్తే లేస్తున్నాయి. బోర్డు మీదే అతికి ఉండే నిల్వ చిప్పుకు, అంటే ఈఎంఎంసీకి మారాలా, మారితే పాత కార్డును స్లాట్‌లోనే స్పేర్‌గా ఉంచొచ్చా, పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేయిస్తే నయమా, కార్డు స్లాట్‌ను పూర్తిగా మూసేయాలా అని అడిగారు.

మొదటిదానికి జవాబు: మారండి. రెండోదానికి: వద్దు. మూడోది మీరనుకున్నట్టు కుదరదు. నాలుగోది చివర్లో చెబుతాను. అయితే ఈ జవాబులు పట్టుకుని రేపే ఈఎంఎంసీకి మారిపోతే మీ బాధ సగమే తీరుతుంది. పెట్టెలు లేవకపోవడానికి కార్డు ఒక్కటే కారణం కాదని మీరు రాసిన లక్షణాలే చెబుతున్నాయి.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. బాగా పనిచేస్తున్న పెట్టె ఒకదాన్ని తీసుకుని, కరెంటు ఆపి, కార్డు లాగేసి, మళ్లీ కరెంటు ఇవ్వండి. బోర్డుతో పాటు వచ్చిన పాత డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) లేచిందా? లేస్తే, మీ బోర్డులు కార్డు నుంచి బూట్ అవుతున్నాయన్నది సగం మాటే.

బీగల్‌బోన్ బ్లాక్‌లోని ఏఎం3358 చిప్పులో పుట్టుకతో వచ్చిన చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. అదే బూట్ రోమ్. కరెంటు రాగానే మొదట నడిచేది అదే, దాన్ని మనం మార్చలేం. బోర్డు మీది ఎస్2 బటన్ ముట్టుకోకుండా కరెంటు ఇస్తే అది ముందు ఈఎంఎంసీని చూస్తుంది, తర్వాత ఎస్‌డీ కార్డు, ఆ తర్వాత సీరియల్ పోర్టు, ఆఖరున యూఎస్‌బీ. ఎస్2 నొక్కిపట్టి కరెంటు ఇస్తే ముందు ఎస్‌పీఐ (చిన్న మెమరీ చిప్పులు కలిపే లైన్), తర్వాత ఎస్‌డీ కార్డు, తర్వాత యూఎస్‌బీ, సీరియల్. రోజూ బటన్ పట్టుకోవడానికి గట్టు మీద ఎవరూ ఉండరు కదా. కాబట్టి మీరు ఈఎంఎంసీని ఎప్పుడూ చెరపకపోతే, మొదటి అడుగు రోజూ ఈఎంఎంసీ మీదే పడుతోంది. అందులోని పాత యూ-బూట్ (కెర్నల్‌ను, అంటే లినక్స్ గుండెకాయను, తెచ్చి నడిపించే ప్రోగ్రామ్) లేచి, తన సొంత వరుస ప్రకారం స్లాట్‌లో కార్డు ఉందా అని చూసి, ఉంటే కెర్నల్‌ను అక్కణ్నుంచి తెచ్చుకుంటోంది. అంటే మీ 40 పెట్టెలూ బోర్డు కొన్ననాటి యూ-బూట్ మీద, మీరు నిన్న తయారుచేసిన కార్డును నడుపుతున్నాయి. ఈ రెండింటికీ పొసగని రోజున బోర్డు మధ్యలో ఆగిపోతుంది, నింద మాత్రం కార్డు మీద పడుతుంది.

ఇక్కడ వరుసలు రెండు ఉన్నాయని గుర్తుపెట్టుకోవాలి. ఒకటి బూట్ రోమ్‌ది, ఇంకొకటి యూ-బూట్‌ది. మన నీళ్ల లెక్కలో చెబితే, ధవళేశ్వరం దగ్గర హెడ్ స్లూయిస్ ఎత్తి తూర్పు డెల్టాకు, మధ్య డెల్టాకు, పశ్చిమ డెల్టాకు నీళ్లు వదులుతారు. వదిలాక ఆ నీళ్లు మొగల్తూరు శివారు పొలానికి చేరాయా లేదా అన్నది స్లూయిస్‌కు తెలియదు. కింద కాలువ మీద తిరిగే లస్కర్ చూసుకోవాలి. బూట్ రోమ్ ఆ స్లూయిస్ లాంటిది. ఈఎంఎంసీలో ఎంఎల్‌ఓ అనే మొదటి ముక్క (యూ-బూట్‌ను తెచ్చే చిన్న ప్రోగ్రామ్) కనిపించి, దాని మొదట్లో ఉండే హెడర్ గుర్తు సరిగా ఉంటే చాలు, దాన్ని లోపలి మెమరీలోకి ఎక్కించి పగ్గాలు అప్పగించేసి పక్కకు తప్పుకుంటుంది. ఆ తర్వాత కెర్నల్ చెడిందా, రూట్ ఫైల్ సిస్టం (లినక్స్ ఫైళ్లన్నీ ఉండే చోటు) పాడైందా, మీ డీవో ప్రోగ్రామ్ కుప్పకూలిందా అన్నది దానికి పట్టదు. వెనక్కి వచ్చి "సరే, కార్డు చూద్దాం" అనదు.

కార్డును స్పేర్‌గా స్లాట్‌లో ఉంచడం వద్దన్నది ఇందుకే. యూ-బూట్‌ను ఈఎంఎంసీ వైపు తిప్పుకున్నాక, ఈఎంఎంసీ పోతే కార్డు ఆదుకుంటుందన్న ధైర్యం ఒకే ఒక్క సందర్భంలో నిజమవుతుంది: ఈఎంఎంసీలో మొదటి ముక్క పూర్తిగా లేకుండా పోతే. నేను చూసిన వాటిలో అలా పోయినవి చాలా తక్కువ. ఎక్కువగా చెడేది రూట్ ఫైల్ సిస్టం, లేదా సగంలో ఆగిపోయిన అప్‌డేట్. అప్పుడు కార్డు స్లాట్‌లో ఉండి కూడా ఉపయోగం లేదు. ఉపయోగం లేకపోతే పోనీ, అపకారం కూడా చేస్తుంది. అది నాకు మలికిపురం వైపు ఒక చెరువు నేర్పింది.

అక్కడ నేనూ ఇలాగే చేశాను. కార్డులో అంతా సిద్ధం చేసి, దాన్ని డీడీతో (డిస్క్‌ను కాపీ చేసే కమాండ్) యథాతథంగా ఈఎంఎంసీ మీదికి దింపి, కార్డును స్పేర్‌గా అక్కడే వదిలేశాను. కొన్నాళ్లకు డీవో హద్దు మార్చమని రైతు అడిగితే ఇంట్లో కూర్చునే మార్చాను. పెట్టె రీబూట్ అయ్యాక పాత హద్దే. మళ్లీ మార్చాను, మళ్లీ పాతదే. మూడోసారి ఇక లాభం లేదని బయల్దేరితే నరసాపురం రేవులో ఆఖరి పంటు వెళ్లిపోయింది. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లేసరికి రాత్రి పదకొండు. తీరా చూస్తే కెర్నల్ ఈఎంఎంసీ నుంచి వస్తోంది, రూట్ మాత్రం కార్డు మీద మౌంట్ అవుతోంది. డీడీతో కాపీ చేశాను కాబట్టి రెండింటి గుర్తింపు సంఖ్యలూ ఒకటే. ఇది అదో, అది ఇదో కెర్నల్‌కు తేడా తెలియదు. ఆ కార్డు కూడా అప్పటికే చివరి దశలో ఉంది. రాయమంటే రాసుకున్నట్టే నటిస్తుంది, ఎర్రర్ ఇవ్వదు, కరెంటు పోయి రాగానే పాత సరుకే చూపిస్తుంది. ఎస్‌డీ కార్డులు ఇలా కూడా చస్తాయని నాకు ఆ రాత్రి దాకా తెలియదు.

అందుకని ఈఎంఎంసీకి మారేటప్పుడు రెండు పనులు మర్చిపోవద్దు. డీడీతో కాపీ చేస్తే డిస్క్ గుర్తింపు సంఖ్యను, ఫైల్ సిస్టం గుర్తింపు సంఖ్యను (యూయూఐడీ) మార్చండి. కెర్నల్‌కు రూట్ ఎక్కడుందో చెప్పేటప్పుడు "ఎంఎంసీ సున్నా రెండో పార్టిషన్" అన్న తీరులో చెప్పొద్దు. కార్డు ఉన్నప్పుడొక నంబరు, లేనప్పుడొక నంబరు ఇచ్చిన కెర్నల్ వెర్షన్లు ఉన్నాయి. పార్ట్‌యూయూఐడీతో, అంటే పార్టిషన్ గుర్తింపు సంఖ్యతో చెప్పండి. మామూలు యూయూఐడీతో చెప్పాలంటే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (కెర్నల్ వెంట మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్ సిస్టం) కావాలి, పార్ట్‌యూయూఐడీ అయితే కెర్నల్ నేరుగా అర్థం చేసుకుంటుంది. నంబర్ల గందరగోళం ఇంకొకటి కూడా ఉంది. ఒకే ఈఎంఎంసీని చిప్ పుస్తకం ఎంఎంసీ1 అంటుంది, సీరియల్ కన్సోల్‌లో మొదట వచ్చే ఎస్‌పీఎల్ (అంటే ఆ ఎంఎల్‌ఓ ముక్కే) సందేశం ఎంఎంసీ2 అంటుంది. ఆ లైన్ చూసి మూడో డివైస్ ఏదో ఉందని కంగారు పడకండి.

ఇక కరెంటు వచ్చాక లేవని పెట్టెల సంగతి. దీని మీద నాకు గట్టి అనుమానం మీ రిలే బోర్డు. బూట్ రోమ్ ఏ వరుస పాటించాలో దానికి చెప్పేవి బోర్డు అంచున ఉన్న పీ8 హెడర్‌లో (పిన్నుల సాకెట్) 31 నుంచి 46 దాకా ఉన్న పిన్నులు. మామూలుగా వాటిని ఎల్‌సీడీ డేటా పిన్నులుగా చూస్తాం, జీపీఐఓగానూ (మన ఇష్టం వచ్చిన పనికి పెట్టుకునే పిన్నులుగా) వాడుకుంటాం. కానీ కరెంటు వచ్చి రీసెట్ వదిలిన ఆ ఒక్క క్షణంలో చిప్ వాటి మీద ఉన్న ఒకట్లు, సున్నాలు చదివి బూట్ వరుసను ఖాయం చేసుకుంటుంది. ఎస్2 బటన్ చేసేది కూడా అంతే, 43వ పిన్నును కిందికి లాగుతుంది. మీ రిలే బోర్డు ఇన్‌పుట్లు ఆ పిన్నుల్లో ఎక్కడైనా కూర్చుంటే, ఆ క్షణంలో అవి పిన్నును ఎటు లాగితే బూట్ వరుస అటు మారిపోతుంది. కరెంటు శుభ్రంగా పోయి శుభ్రంగా వచ్చిన రోజు ఏ గొడవా ఉండదు. మన దగ్గర కరెంటు అలా రాదు కదా. పోతుంది, రెండు సెకన్లకు వస్తుంది, మళ్లీ పోతుంది, ఈలోపు జనరేటర్ ఎత్తుకుంటుంది. రిలే బోర్డులోని కెపాసిటర్లలో మిగిలిన చార్జి, పక్కన ఇంకా బతికే ఉన్న మోడెమ్ పిన్నుల్లోంచి కారే వోల్టేజీ, అన్నీ ఆ క్షణంలో వేలు పెడతాయి. సిస్టం రీసెట్ లైన్ పైకి వెళ్లేదాకా బయటి నుంచి ఏ పిన్నునూ నడపకూడదని బోర్డు మాన్యువల్ స్పష్టంగా చెబుతుంది. మనం చదవం, అంతే.

రీసెట్ బటన్ నొక్కితే బాగుపడుతుందేమో అని చూడకండి. చిప్ ఆ పిన్నులను చదివేది కరెంటు వచ్చినప్పుడు మాత్రమే, రీసెట్ బటన్‌తో మళ్లీ చదవదు. ఎస్2 పట్టుకుని రీసెట్ నొక్కి "కార్డు నుంచి బూట్ అవ్వడం లేదు" అనేవాళ్లు నాకు నెలకొకరైనా తగులుతారు. కరెంటు తీసి పెట్టాల్సిందే. మీవాళ్లు ఆపి వేస్తే లేస్తోందన్నారు చూడండి, అది ఈ అనుమానానికి సరిగ్గా సరిపోతోంది.

రిలే ఇన్‌పుట్లను పీ8లో 7 నుంచి 19 దాకా ఉన్న పిన్నుల్లోకి మార్చండి. మార్చేటప్పుడు ఇంకొక గుంట ఉంది. పీ8లో 3 నుంచి 6, 20 నుంచి 25 పిన్నులు ఈఎంఎంసీవి. ఇప్పుడు కార్డుతో నడుపుతూ ఈఎంఎంసీని ఆపేసి ఆ పిన్నులు రిలేలకు వాడుకుంటున్నారేమో ఒకసారి చూసుకోండి. ఆ స్థితిలో ఈఎంఎంసీకి మారితే ఏరేటర్ తిరిగినప్పుడల్లా మీ డిస్క్ మాయమవుతుంది.

ఇప్పుడు కార్డు ఎందుకు పోతోంది, ఈఎంఎంసీ ఎందుకు నయం. రెండింటి లోపలా ఉండేది నాండ్ ఫ్లాషే (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ). కాబట్టి ఈఎంఎంసీ అమృతం తాగి పుట్టిందేమీ కాదు. తేడా మొదట తగలడంలో ఉంది. కార్డు స్ప్రింగు కాంటాక్టుల మీద ఆనుకుని ఉంటుంది. ఉప్పుగాలి, చెరువు ఆవిరి, పెట్టె లోపల రాత్రి చల్లబడినప్పుడు పట్టే చెమ్మ, వీటితో ఆ కాంటాక్టులు నల్లబడతాయి. చెడిపోయిందని మీరు పారేసిన కార్డుల్లో కొన్ని ఇంట్లో రీడర్‌లో పెడితే చక్కగా చదువుతాయి, పందెం. ఈఎంఎంసీ బోర్డుకు టంకం వేసి ఉంటుంది, ఆ బాధ లేదు.

రెండోది కరెంటు. రాస్తుండగా కరెంటు పోతే ఫైల్ సిస్టం జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) కాపాడుతుందని అనుకుంటాం. జర్నల్ కాపాడేది ఫైల్ సిస్టంను మాత్రమే. కార్డు లోపల కంట్రోలర్‌కు తన సొంత పట్టికలు ఉంటాయి, ఏ బ్లాకు ఎక్కడుందో అవే చెబుతాయి. మీరేమీ రాయకపోయినా అది లోపల పాత డేటాను ఒకచోటి నుంచి ఇంకొకచోటికి సర్దుకుంటూ ఉంటుంది. ఆ సర్దుబాటు మధ్యలో కరెంటు పోతే మీరు ఎన్నడూ ముట్టుకోని ఫైలు కూడా చెడొచ్చు. చవక కార్డుల్లో ఇది మరీ ఘోరం. మంచి ఈఎంఎంసీలో ఈ జాగ్రత్త మెరుగ్గా ఉంటుంది, అయినా పూచీ ఏమీ లేదు. అందుకే మారిన తర్వాత కూడా రూట్‌ను చదవడానికి మాత్రమే మౌంట్ చేయండి. లాగ్‌లు మెమరీలో పెట్టండి, గంటకొకసారి డేటా పార్టిషన్‌లోకి దింపండి. సెకనుకొక డీవో రీడింగ్‌ను ఫైల్లో రాయడం మానండి. డీవో నిమిషంలో తలకిందులయ్యేది కాదు, సెకను రీడింగులు ఎవరూ చూడరు, ఫ్లాష్ మాత్రం అరుగుతుంది. ఈఎంఎంసీ 5.0, ఆ పై వాటిలో ఎంత అరిగిందో పది శాతం మెట్లలో చెప్పే రిజిస్టరు ఉంటుంది, ఎంఎంసీ-యుటిల్స్ అనే ప్రోగ్రామ్‌తో చదవొచ్చు. నెలకొకసారి ఆ అంకెను కూడా మెసేజ్‌లో పంపించుకోండి.

బీగల్‌బోన్ బ్లాక్‌లో బ్యాటరీ కలపడానికి పవర్ చిప్ పక్కన ప్యాడ్లు ఉన్నాయి. ఒక సెల్ లిథియం బ్యాటరీ వాటికి పెట్టుకుంటే కరెంటు పోయినప్పుడు ప్రశాంతంగా షట్‌డౌన్ అయ్యే వ్యవధి దొరుకుతుంది. ఎండకు పెట్టె లోపల వేడెక్కే చోట లిథియం సెల్ అంటే నాకు భయం, అందుకని నేను 5 వోల్టుల లైన్ మీద సూపర్ కెపాసిటర్ మాడ్యూల్ పెడతాను. మీ ఇష్టం.

పెన్ డ్రైవ్ సంగతి. బూట్ రోమ్ వరుసలో యూఎస్‌బీ అని ఉంది కదా అని పెన్ డ్రైవ్ గుచ్చితే అది చూడదు. అక్కడ యూఎస్‌బీ అంటే బోర్డే ఒక డివైస్‌గా మారి, చిన్న యూఎస్‌బీ సాకెట్ ద్వారా మీ ల్యాప్‌టాప్‌కు నెట్‌వర్క్ కార్డులా కనిపించి, ఫైలు ఇవ్వమని అడగడం. ఫ్యాక్టరీలో బోర్డులు నింపడానికి పెట్టిన దారి అది. పెన్ డ్రైవ్‌ను యూ-బూట్ చదవగలదు, కానీ యూ-బూట్ దాకా రావాలంటే మొదటి ముక్క ఈఎంఎంసీలోనో కార్డులోనో ఉండాల్సిందే. గట్టు మీద పెన్ డ్రైవ్ వేలాడదీయడం ఎలాగూ మంచి ఆలోచన కాదు. నెట్‌వర్క్ బూట్ మీ బల్ల మీద కెర్నల్ మార్చి మార్చి చూసుకోవడానికి బ్రహ్మాండం, చెరువు దగ్గర దాని ఊసెత్తకండి. రేపు సొంత బోర్డు వేయిస్తే మాత్రం యూ-బూట్ కోసం ఒక చిన్న ఎస్‌పీఐ నార్ ఫ్లాష్ చిప్ పెట్టండి. నెమ్మదైనది, కొన్ని మెగాబైట్లే, కానీ దాన్ని రోజూ ఎవరూ రాయరు కాబట్టి ఏళ్ల తరబడి అలా పడి ఉంటుంది.

ఇప్పుడు లస్కర్ పని, అంటే యూ-బూట్. వెనక్కి తగ్గే దారి ఏదైనా పెట్టాలంటే అది ఇక్కడే పెట్టాలి. బీగల్‌బోన్ బ్లాక్‌లో రెవ్ సీ రకం బోర్డులో 4 జీబీ ఈఎంఎంసీ ఉంటుంది. అందులో 1.2 జీబీ చొప్పున రెండు రూట్ పార్టిషన్లు చేసుకోండి, మిగిలింది డేటాకు. నడుస్తున్నది ఒకటి, అప్‌డేట్ రాసేది రెండోది. రాసి, సరిచూసి, అప్పుడు యూ-బూట్‌కు "ఈసారి రెండోదాన్ని ప్రయత్నించు" అని చెప్పాలి. ఈ తతంగమంతా మీరే రాసుకోవక్కర్లేదు, రాక్, ఎస్‌డబ్ల్యూఅప్‌డేట్, మెండర్ లాంటి అప్‌డేట్ ప్రోగ్రాములు ఉన్నాయి. యూ-బూట్‌ను మాత్రం దూరం నుంచి ఎప్పుడూ అప్‌డేట్ చేయకండి. ఎంఎల్‌ఓను 128 కేబీ దగ్గర ఒకటి, 256 కేబీ దగ్గర ఇంకొకటి రాసి ఉంచండి, బూట్ రోమ్ ఆ చోట్లన్నీ వెతుకుతుంది.

కొత్తది లేవకపోతే పాతదానికి తిరిగి రావడం ఎలా? మూడు ముక్కలు కలవాలి. మొదటిది, కెర్నల్ ప్యానిక్ అయితే, అంటే ముందుకు పోలేక చేతులెత్తేస్తే, రీబూట్ కావాలి. మామూలుగా అది రీబూట్ కాదు, రూట్ దొరకలేదని ఒక లైన్ చెప్పి అలాగే శిలలా నిలబడిపోతుంది. బూట్ ఆర్గ్యుమెంట్లలో ప్యానిక్ విలువ 10 ఇస్తే పది సెకన్లకు రీబూట్ అవుతుంది. ఈ ఒక్క మాట లేక తెల్లారేదాకా నిలబడిపోయిన పెట్టెలు నాకు తెలుసు. రెండోది వాచ్‌డాగ్, బోర్డు బిగుసుకుపోతే రీసెట్ చేసే టైమర్. యూ-బూట్ చాలా బిల్డుల్లో దాన్ని ఆపేస్తుంది. ఆపకుండా, అది నడుస్తుండగానే లినక్స్‌కు అప్పగించాలి, లేకపోతే కెర్నల్ సగంలో బిగుసుకుపోతే లేపేవాడు ఉండడు.

మూడోది బూట్‌కౌంట్. ప్రతి బూట్‌కూ యూ-బూట్ ఒక లెక్క పెంచుతుంది, లినక్స్ క్షేమంగా లేచాక దాన్ని సున్నా చేస్తుంది. లెక్క హద్దు దాటితే యూ-బూట్ రెండో దారి పడుతుంది. వినడానికి తేలిక. మన ఊళ్లలో దీనికి ఒక మెలిక ఉంది. ఆ లెక్కను ఫ్లాష్‌లో రాసుకుంటే, బూట్ సగంలో ఉండగా కరెంటు మూడుసార్లు పోయి వస్తే మూడు వైఫల్యాల కింద పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఏ తప్పూ చేయకుండానే పెట్టె పాత వెర్షన్‌కు వెళ్లిపోతుంది. ఈ చిప్పులో ఆ లెక్కను ఆర్‌టీసీ (చిప్పులోని గడియారం) రిజిస్టరులో పెట్టే వీలుంది. బీగల్‌బోన్ బ్లాక్‌లో ఆర్‌టీసీకి బ్యాటరీ లేదు, కరెంటు పోతే లెక్క చెరిగిపోతుంది. పుస్తకం ప్రకారం అది లోపం, మనకు మాత్రం అదే కావాలి. వాచ్‌డాగ్ రీసెట్లు లెక్కలోకి వస్తాయి, కరెంటు కోతలు రావు. ఫ్లాష్‌లోనే పెట్టుకోవాల్సి వస్తే "అప్‌గ్రేడ్ ఉంది" అన్న జెండా ఎత్తినప్పుడు మాత్రమే లెక్కించేలా పెట్టుకోండి, యూ-బూట్‌లో ఆ సదుపాయం ఉంది.

లినక్స్ "క్షేమంగా లేచింది" అని ఎప్పుడు ప్రకటించాలన్నది మీరే తేల్చుకోవాల్సిన విషయం, ఇందులోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. లాగిన్ ప్రాంప్ట్ వచ్చింది కదా అని సున్నా చేస్తే మీ డీవో ప్రోగ్రామ్ చచ్చిపోయి ఉన్నా అంతా బాగున్నట్టే. అలాగని సర్వర్‌కు మెసేజ్ వెళ్లాకే సున్నా చేస్తానంటే, తుపానుకు టవర్ పడిపోయిన రోజున మీ 40 పెట్టెలూ ఒకేసారి పాత వెర్షన్‌కు దొర్లిపోతాయి. నా లెక్క ఇది: సెన్సరు నుంచి నమ్మదగ్గ రీడింగులు వరుసగా ఐదు వచ్చి, రిలే ప్రోగ్రామ్ బతికి ఉంటే చాలు, క్షేమమే. నెట్‌వర్క్‌తో దీనికి ముడి పెట్టొద్దు.

బూట్ గురించి అడిగితే ఇది అడగని మాటే, అయినా చెప్పకుండా ఉండలేను. డీవో బాగా పడేది తెల్లవారుజామున, నాచు కూడా రాత్రంతా ఆక్సిజన్ పీల్చుకున్నాక. మీ బోర్డు సరిగ్గా అప్పుడే చచ్చి పడి ఉంటే ఏరేటర్లు ఏ స్థితిలో ఉంటాయి? రిలేలో నార్మల్లీ ఓపెన్ కాంటాక్టు (రిలే లాగనప్పుడు తెరుచుకుని ఉండేది) వాడి ఉంటే ఆగిపోయి ఉంటాయి. పొద్దున్నే రొయ్య పైకి తేలి ఉంటుంది. స్టార్టర్ కాయిల్ లైన్‌ను నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టు (రిలే లాగనప్పుడు కలిసి ఉండేది) మీదుగా తీసుకెళ్లండి. బోర్డు చస్తే ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి, ఆపాలంటేనే బోర్డు బతికి ఉండి రిలేను లాగాలి. కరెంటు బిల్లు కాస్త పెరిగితే పెరగనివ్వండి. కాకపోతే కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారే ఎత్తుకుని జనరేటర్‌ను పడుకోబెట్టకుండా, స్టార్టర్లకు తలా కొన్ని సెకన్ల తేడాతో టైమర్లు పెట్టించండి. బూట్ వరుస ఎంత అందంగా పెట్టినా ఈ వైరింగ్ తప్పయితే నేను ఆ పెట్టెను నా చెరువు మీద పెట్టుకోను.

ఆఖరి ప్రశ్న, స్లాట్‌ను మూసేయాలా. జిగురు పెట్టి మూసేయకండి. ఈఎంఎంసీలోని యూ-బూట్‌లో బూట్ టార్గెట్ల నుంచి కార్డును తీసేయండి, ఈఎంఎంసీ ఒక్కటే ఉంచండి. అప్పుడు ఎవరైనా ఫోన్‌లోని కార్డు తెచ్చి గుచ్చినా పెట్టెకు పట్టదు. రక్షణ కార్డు ఒకటి వేరే తయారుచేయండి. దాని పని ఒక్కటే, ఈఎంఎంసీని మొదటి నుంచి మళ్లీ రాసి, అయిపోయాక నాలుగు ఎల్‌ఈడీలూ వెలిగించడం. 40 పెట్టెలను ఈఎంఎంసీకి మార్చడానికి కూడా అదే కార్డు వాడొచ్చు. కాకపోతే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) తాళాలు, మెషీన్ ఐడీ మొదటి బూట్‌లో ఒక్కో పెట్టెకు కొత్తగా పుట్టేలా చూసుకోండి, లేకపోతే 40 కవల పిల్లలు తయారవుతారు. ఆ కార్డును గాలి చొరని చిన్న కవర్లో పెట్టి పెట్టె మూతకు లోపలివైపు అంటించండి. ఎస్2 బటన్ మీ రిలే బోర్డు కింద దాగిపోయి ఉంటుంది కాబట్టి, 43వ పిన్ను నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా గ్రౌండ్‌కు వెళ్లేలా ఒక పుష్ బటన్ బయటికి లాగండి. రాత్రి పాకలో పడుకునే మనిషికి ఫోన్లో చెప్పాల్సింది ఇంతే: కరెంటు ఆపు, కార్డు పెట్టు, బటన్ నొక్కి పట్టుకునే కరెంటు వెయ్యి, నాలుగు లైట్లూ వెలిగాక కరెంటు ఆపి, కార్డు తీసేసి, మళ్లీ వెయ్యి.

పిన్నులు మార్చేముందు మాత్రం, కరెంటు వచ్చాక లేవని పెట్టె దొరికినప్పుడు దాన్ని ఆపకుండా అలాగే ఉంచి, 3.3 వోల్టుల సీరియల్ కేబుల్ పెట్టి 115200 స్పీడులో చూడండి. వరుసగా ఇంగ్లీషు సీ అక్షరాలు పడుతుంటే బూట్ రోమ్ అన్నీ వెతికి, దొరక్క, సీరియల్ పోర్టులోంచి ఫైలు అడుక్కుంటోందని అర్థం. అప్పుడు నా అనుమానం నిజమే, రిలే బోర్డు మార్చండి. సీలు కాకుండా ఎస్‌పీఎల్ సందేశం వచ్చి ఆ తర్వాత ఆగిపోతుంటే కథ వేరు. ఆ మొదటి ఇరవై లైన్లు నాకు పంపండి, చూసి చెబుతాను.